తెరవరాదు

వేంపల్లెలో పులివెందుల బస్సు కోసం నిలబడి ఉంటే వెనక జిరాక్స్ అంగట్లో స్టెబిలైజర్ టక్కుమంది. కాసేపాగి మళ్లీ టక్కు, టక్కు. కరెంటు తూగుతున్నప్పుడు అది చేసే చప్పుడు. అంగడివాడు తల కూడా ఎత్తలేదు. నా కుడిచెయ్యి మాత్రం దానంతటదే ముందుకు పోయింది, ఎదురుగా లేని కీబోర్డు మీద సేవ్ నొక్కడానికి. గాలిలో వేళ్లు ఆడించుకుంటున్న నన్ను చూసి పక్కనున్న పెద్దామె కొంచెం దూరం జరిగి నిలబడింది. ఆమెకు ఏమని చెప్పను? ప్రొద్దుటూరులో దేవసహాయం సారు దగ్గర పనిచేసిన వాళ్లకు ఆ చప్పుడు వినబడితే చెయ్యి ఊరుకోదు. ముందు చేతిలో పని భద్రం చేసుకో, ఫ్యాను ఎందుకు ఆగిందో తర్వాత చూద్దువు గాని అనేది ఆయన దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం. బస్సు వచ్చింది, ఎక్కాను, సీటు దొరికింది. కిటికీలోంచి ఏం చూశానో గుర్తు లేదు. దారి పొడవునా ఆయనే.

మీరెవరూ ఆయన్ను చూసి ఉండరు. మనిషి పొట్టి, పొట్టిచేతుల తెల్లచొక్కా, కోపం ముక్కు మీదే ఉండేది. తాతల కాలంలో మిషన్‌లో కలిసిన కుటుంబం. జమ్మలమడుగు దగ్గర ఒక బడిలో చాలాకాలం తెలుగు పండితుడిగా చేసి, పైవాళ్లతో మాటామాటా వచ్చి ఉద్యోగానికి నీళ్లొదిలారు. ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడి మీద రెండు గదులు బాడుగకు తీసుకుని కంప్యూటర్లు నేర్పడం మొదలుపెట్టారు. తెలుగు అయ్యవారు కంప్యూటరు నేర్పడమేమిటని తెలిసినవాళ్లంతా నవ్వారు. ఆయనకు ఆ నవ్వు అంటలేదు. వ్యాకరణం వచ్చినవాడికి ఏ భాషైనా ఒకటేననేవారు. సి భాషను కూడా సంధులు విడదీసినట్టే బోర్డు మీద విడదీసి చూపించేవారు. ఆదివారం చర్చిలో వాక్యం చదివే పని ఆయనదే. ఆ గొంతూ ఆ తెలుగూ సోమవారం మా క్లాసులోకి వచ్చేవి. కోపం వచ్చినప్పుడు మాత్రం అచ్చం జమ్మలమడుగు మనిషి అయిపోయేవారు. భార్య సుగుణమ్మగారు పాత చీరలు కత్తిరించి మానిటర్లకు ముసుగులు కుట్టిపెట్టారు. పొద్దున్నే వాటిని తీసి మడతపెట్టడంతో మా పని మొదలయ్యేది.

నేను ఆయన దగ్గర చేరింది డిగ్రీ అయిన కొత్తలో, పాఠాలు చెప్పే ఉద్యోగానికి. మా నాన్న జమ్మలమడుగు కోర్టులో గుమాస్తా. ఆడపిల్ల ప్రొద్దుటూరు దాకా పోయి రావడం ఆయనకు పెద్దగా ఇష్టం లేదు. సారు నన్ను కంప్యూటరు గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మీ నాన్న కోపంలో ఒక మాట అని, దాన్ని మీ అమ్మకు చెప్పి రమ్మంటే ఎలా చెప్తావు అని అడిగారు. కొంచెం తగ్గించి చెప్తానని అన్నాను. అదే మర్యాద అనుకున్నాను మరి. ఆయన కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు.

"అయితే నీతో శానా కష్టముండాదమ్మా," అన్నారు.

అయినా పనిలో పెట్టుకున్నారు. ఆ ప్రశ్న ఎందుకడిగారో కొన్నాళ్లకు గాని తెలియలేదు. పగలు పిల్లలకు పాఠాలు చెప్పి, ఖాళీ దొరికినప్పుడల్లా ఆయన చేసే అసలు పని వేరే ఉంది. ఫైళ్లను ఇతరులెవరూ చదవకుండా తాళం వేసిపెట్టే ఒక లైబ్రరీ ఉండేది. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు, వేరే ప్రోగ్రాములు వాడుకోవడానికి రాసిపెట్టిన ప్రోగ్రాముల కట్ట. నాలుగైదు దేశాలవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూడకుండా కలిసి రాసుకున్నది. ఎవరైనా చదవచ్చు, తప్పుంటే దిద్దవచ్చు, ఎవరికీ ఏమీ ఇవ్వనక్కర్లేదు. అయితే అది సి భాషలో ఉంది. మా పిల్లలకు వచ్చింది పైథాన్. వీళ్ల మాట దానికి అర్థం కాదు, దాని మాట వీళ్లకు అర్థం కాదు. ఈ రెండింటి మధ్య నిలబడి అటుమాట ఇటు, ఇటుమాట అటు చేరవేసే ముక్కను బైండింగ్ అంటారు. ఆ ముక్కను మా సారు రాస్తుండేవారు, బట్టల అంగడి మీద కూర్చుని.

ఆ మాట వల్ల మాకు నవ్వులాటలు కూడా తక్కువ కాలేదు. మేము బైండింగ్ అనుకుంటుండగా కింద అంగట్లో ఎవరో విని, చినిగిన పాఠ్యపుస్తకాలు సంచీలో వేసుకుని మెట్లెక్కి వచ్చారు, అట్టలు వేయించుకుందామని. సారు ఆయన్ను కూర్చోబెట్టి అసలు బైండింగ్ అంటే ఏమిటో పాఠం చెప్పారు. పాపం, ఆ మనిషి తలాడించి, మంచినీళ్లు తాగి, పుస్తకాలు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత సారు ఆ మాటే మానేసి, దాన్ని రాయబారం అనడం మొదలుపెట్టారు. రాయబారికి సొంతనోరు ఉండకూడదు, విన్నది విన్నట్టు చెప్పాలి, తీపి కలపకూడదు, కారం కలపకూడదు. లైబ్రరీ కాదంటే ఈ పక్కన కాదనే వినబడాలి. అది ఆయన నియమం.

ఆ నియమం పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. ఒక మధ్యాహ్నం ఉగ్గాని తింటూ ఆయనే చెప్పారు. వాళ్ల నాన్న పల్లెల్లో తిరిగి వాక్యం చెప్పే మనిషి. ఏ పార్టీకీ చెందని మనిషి కాబట్టి రెండు పార్టీలవాళ్లూ ఆయన చేత మాట పంపించుకునేవారు. మా వైపు పార్టీ అంటే జెండా కాదు, ఊళ్లో ఒక పెద్దమనిషి వెనక నిలబడిన ఇళ్లు. ఒకసారి ఒక పక్కవాడు ఎదుటి మనిషి పేరు పెట్టి, రోడ్డెక్కితే ప్రాణం తీస్తానని చెప్పమన్నాడు. ఈయన మంచిమనసుతో, వాళ్లు కొంచెం కోపంగా ఉన్నారు, నాలుగు రోజులు జాగ్రత్త అని చెప్పి వచ్చారు. నాలుగు రోజులు జాగ్రత్తగా ఉన్న మనిషి అయిదోనాడు రోడ్డెక్కాడు. మా నాయన మంచితనమే ఆ మనిషిని చంపింది అని సారు ఆకు మడిచి లేచారు.

అంత జాగ్రత్త గల మనిషి ఒక్క మాట దగ్గర కాలు జారారు. దాన్ని కాలు జారడం అనవచ్చో లేదో నాకు ఈనాటికీ తేలలేదు.

ఆ బైండింగ్ మీద సారు తెలుగులో ఒక చిన్న ప్రోగ్రాము కట్టారు. దాని పేరు బీగం. తాళాన్ని మా దగ్గర అలాగే అంటారు. ఫైలును చూపించి, రహస్యపదం ఒకటి కొడితే అది బీగం వేస్తుంది. అదే పదం కొడితే తెరుస్తుంది. పదం తప్పైతే లైబ్రరీ ఒక అంకెను వెనక్కి పంపుతుంది. తెరవడం సాధ్యం కాదని ఆ అంకెకు అర్థం. ఆ అంకెను మనిషికి అర్థమయ్యే మాటగా చెప్పాల్సింది బైండింగ్. దానికి సారు తెలుగులో ఒకే ఒక మాట రాశారు: తెరవరాదు.

నేను చూసి నవ్వాను. సార్, ఇది బోర్డు మాదిరి ఉంది అన్నాను. ఇక్కడ ఉమ్మరాదు, వాహనములు నిలుపరాదు, పూలు కోయరాదు. చదివినవాళ్లు ఎవరో తెరవకూడదని ఆజ్ఞ వేశారనుకుంటారు. ఆయన కుర్చీ నా వైపు తిప్పారు.

"చెప్పరాని బాధ అంటే ఏంది వాణమ్మా? చెప్పగూడదనా? చెప్పలేమని. కొలవరాని లోతు అంటే కొలవద్దని ఎవురన్నా అడ్డం నిలబడినారా? బోర్డులోళ్లు చెడగొట్టిన మాటను నేను బాగుచేచ్చాండా."

తెరుచుకోలేదు అని రాస్తే పోతుంది కదా అని నేను వదలలేదు. అది అబద్ధమన్నారు. తెరుచుకోలేదు అంటే ఇంకోసారి తోస్తే తెరుచుకుంటుందేమో అనిపిస్తుంది. రహస్యపదం లేనివాడు ఎన్నిసార్లు తోసినా, ఎంత తెలివైనవాడైనా, దాన్ని రాసినవాడే వచ్చినా ఇది తెరుచుకోదు. ఆ సంగతి మాటలోనే ఉండాలి. మెత్తగా చెప్పడం మా నాయన పని, నాది కాదు అన్నారు. ఆ మాట అలాగే వెళ్లింది. లైబ్రరీని చూసుకునేవాళ్లు ఈమెయిల్లో ఆయన్ను మెచ్చుకుంటూ రాశారు. వాళ్లలో ఒక్కరికి తెలుగు అక్షరం రాదు. ఆ మాటను తూచి చూడగలిగిన మనుషులం భూమ్మీద మేమిద్దరమే, ఆ ఇద్దరిలో ఒకరు పండితులు. ఆ రోజు ఆయన సంతోషం చూడాలి. కింద అంగడివాళ్లకు కూడా టీ తెప్పించారు.

మా దగ్గర నేర్చుకున్న వాళ్లలో శేఖర్ అని ఒకడుండేవాడు. లింగాల దాటి లోపలికి పోతే వాళ్ల పల్లె. పెళ్లయింది, చిన్న ఆడపిల్ల. పులివెందులలో ఒక నాయకుని దగ్గర కంప్యూటరు పని చూసేవాడు. ఓటరు చీటీలు, ఊళ్లవారీ వివరాలు, ఉత్తరాలు. నిజం చెప్పాలంటే పార్టీ మీద వాడికి భక్తి ఏమీ లేదు, కంప్యూటరు దొరికే ఉద్యోగం అదొక్కటే దొరికింది. నవ్వుతూ వచ్చేవాడు, నవ్వించి పోయేవాడు. ఒక చిన్న మైకు కొనుక్కుని ఇంట్లో పాత కంప్యూటరులో తన కూతురికి కథలు చెప్పి రికార్డు చేసేవాడు. మధ్యలో పాప నవ్వు వస్తాది సార్, కథ ఆగిపోతాది అని మురిసిపోయేవాడు. ఆ కంప్యూటరులోనే పార్టీ కాగితాలు కూడా ఉండేవి కాబట్టి అన్నిటినీ కలిపి బీగం వేశాడు. రహస్యపదం ఎవరికీ చెప్పొద్దు, ఎక్కడా రాసుకోవద్దు, నాకు కూడా చెప్పొద్దు అని సారు క్లాసులో పదేపదే చెప్పేవారు. ఆయన మాటను తు.చ. తప్పకుండా పాటించిన విద్యార్థి శేఖరే.

ఎన్నికల ముందు, లింగాల రోడ్డులో నాయకుని జీపును ఆపారు. నాయకుడు అందులో లేడు. శేఖర్ ఉన్నాడు. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు, వాడికి శత్రువులే లేరు. సారు రెండు రోజులు క్లాసులు తీసుకోలేదు.

కర్మలు అయిన కొన్నాళ్లకు వాడి భార్య ఓబులమ్మ మెట్లెక్కి వచ్చింది. వెంట వాడి అన్న పుల్లన్న, దుప్పట్లో చుట్టిన కంప్యూటరు ఎత్తుకుని. కింద జీపు దగ్గర ఇంకో ఇద్దరు ముగ్గురు నిలబడ్డారు, పైకి రాలేదు. పుల్లన్నకు కావలసింది పార్టీ కాగితాలు. అతన్ని పంపినవాళ్లకు అవి కావాలి. ఓబులమ్మకు కావలసింది మొగుడి గొంతు. ఆ గొంతు అందులో ఉందని ఆమెకు ఖాయంగా తెలుసు, రికార్డు చేసినప్పుడు పాపను ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చున్నది ఆమే. నాకంటే చిన్నది. నన్ను అక్కా అంది, సారుకు దండం పెట్టింది.

సారు కంప్యూటరు తగిలించి ఆమెనే అడిగారు, శేఖర్ ఏ పదం పెట్టి ఉంటాడో చెప్పమ్మా అని. పాప పేరు, ఆమె పేరు, పల్లె పేరు, ఇంటి దేవుడి పేరు, చనిపోయిన ఎద్దు పేరు. ఒక్కొక్కటీ ఆమె చెప్పడం, ఆయన కొట్టడం. కొట్టిన ప్రతిసారీ తెర మీద పెద్ద అక్షరాలతో అదే మాట. ఓబులమ్మ సాయంత్రపు బడిలో చదువు నేర్చుకున్న మనిషి, గోడల మీద బోర్డులన్నీ కూడబలుక్కుని చదివే అలవాటు. ఆ మాటను కూడా పెదవులు కదిలిస్తూ చదివింది. చదివి సారు వైపు తిరిగింది.

"ఎవురు తెరవగూడదన్నారు సార్?"

నేను భయపడిన క్షణం అదే. సారు ఆమెకు వ్యాకరణం చెప్పబోయారు. చెప్పరాని బాధ అంటే, అని మొదలుపెట్టారు. మొగుడు పోయి నెల కాని పిల్లకు! నాకు అక్కడే భూమిలోకి పోవాలనిపించింది. ఆయనకే అర్థమై మధ్యలో ఆపేశారు. నాతో కాదమ్మా, ఎవరితోనూ కాదు, శేఖర్ పెట్టిన పదం శేఖర్‌తోనే పోయింది అన్నారు. పుల్లన్న నవ్వాడు. ఆ నవ్వులో చెడ్డతనం లేదు, లోకం తెలిసినవాడి నవ్వు అది. బీగం చేసినవాడు మారుచెవి ఒకటి దగ్గర పెట్టుకోడా సార్, ప్రొద్దుటూరులో ఏ కమ్మరిని అడిగినా చెప్తాడు అన్నాడు. మారుచెవి అంటే మా దగ్గర రెండో తాళంచెవి. మారుచెవి ఉంటే అది బీగమే కాదు అన్నారు సారు. అది నిజం. కానీ ఆ నిజాన్ని చెప్పేటప్పుడు ఆయన గొంతులో కొంచెం గర్వం పలికింది. నాకు వినబడింది, వాళ్లకూ వినబడింది.

"పాపకు మాటలు వచ్చాండాయి సార్," అంది ఓబులమ్మ. "వాళ్ల నాయన ఎట్ల మాట్లాడుతాండెనో ఇనిపీడానికి నా దగ్గర ఇంగేం లేదు. కాగితాలు మీరే ఉంచుకోండి. గొంతు ఒకటి ఇయ్యండి."

సారు తల వంచుకుని ఇంకో పదం కొట్టారు. తెర మళ్లీ అదే చెప్పింది. ఓబులమ్మ ఇక చదవలేదు. దుప్పటి పరిచి, మొగుడి కంప్యూటరును తానే చుట్టుకుంది.

ఆ తర్వాత వారంలోపే అసలు దెబ్బ తగిలింది. ఎదుటి పార్టీవాళ్లు ఇద్దరు తెల్లబట్టల్లో వచ్చారు, ఒక బుట్ట చీనీకాయలతో. సారు భుజం మీద చెయ్యి వేసి, వాళ్లు వచ్చి అడిగినా తెరవలేదంట, మా మనిషి మాదిరి నిలబడినారు, ఏం కావాలన్నా చెప్పండి అన్నారు. నేను చేసిందేం లేదు, నాతో కాలేదు అంతే అని సారు అరిచినంత పని చేశారు. వాళ్లు దాన్ని వినయం అనుకున్నారు. బుట్ట తీసుకుపొమ్మంటే నవ్వుతూ మెట్ల మీద పెట్టి పోయారు. కింద అంగట్లో బేరానికి వచ్చిన వాళ్లంతా ఆ బుట్టను చూశారు, తెచ్చినవాళ్లనూ గుర్తుపట్టారు. ఇంకేముంది, సాయంత్రానికి ఊళ్లో తీర్పు అయిపోయింది. దేవసహాయం సారు ఆ పార్టీ మనిషి.

మా దగ్గర రెండు పార్టీల ఊళ్ల పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చుని నేర్చుకునేవారు. టీ అంగళ్లు వేరు, కొన్ని ఊళ్లలో బస్సు ఎక్కే చోటు కూడా వేరు, కానీ మా గదిలో కుర్చీలు వేరు కాదు. సారు నిజంగా గొప్పగా చెప్పుకునేది ఏదైనా ఉంటే అది ఇదే. శేఖర్ వైపు ఊళ్ల పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. మానేసిన వాళ్లను చూసి, ఇది మన చోటే అన్నట్టు రెండో వైపువాళ్లు ఎక్కువగా రావడం మొదలుపెట్టారు. అది ఇంకా నరకం. ఒకరోజు ఆయన నా పక్కన వచ్చి కూర్చుని, నువ్వు చెప్పిన మాటే పెట్టేయి అన్నారు. నేను గెలిచాను. అలాంటి గెలుపు పగవాళ్లకు కూడా వద్దు. తెరవరాదు తీసేసి తెరుచుకోలేదు అని పెట్టాను. మార్పుకు కారణం ఏమిటో రాయమని ఆ లైబ్రరీవాళ్ల పద్ధతి. సారు మొదటి అనువాదం తప్పు అని మాత్రం రాయమన్నారు. ఆయన నోట తప్పు అనే మాట, అది కూడా తెలుగు విషయంలో, నేను వినడం అదే మొదలు.

కొత్త ప్రోగ్రాము సీడీలో వేసుకుని ఓబులమ్మ దగ్గరికి పోదామన్నారు. ఎందుకు సార్, దానివల్ల ఏం మారుతుంది అన్నాను. ఆమెకు నేను అబద్ధం చెప్పలేదని తెలియాలి కదా అన్నారు. పులివెందుల దాకా బస్సులో పోయి, అక్కడినుంచి ఆటోలో, దాని తర్వాత నడిచి వెళ్లాం. ఎండ మండిపోతోంది. సారుకు అప్పటికే ఆయాసం. పుల్లన్న ఇంట్లో లేడు, అదొక మేలు. ఓబులమ్మ నీళ్లిచ్చింది, మంచం వాల్చింది, ఎందుకొచ్చారని అడగలేదు. పాప గడపలో కూర్చుని మమ్మల్ని చూస్తోంది.

సారు ఆమెకు నిదానంగా చెప్పారు. ఆ రోజు నువ్వు చదివిన మాట నేను రాసింది, తప్పుగా రాశాను, తెరవకూడదని నా ఉద్దేశం కాదు, నీ మొగుని గొంతు నీకు ఇవ్వొద్దని చెప్పడానికి నేనెవరిని అన్నారు. ఆమె తలూపింది. కొత్త ప్రోగ్రాము ఎక్కించి, ఆమె కళ్ల ముందే పాప పేరు కొట్టారు. తెర మీద కొత్తమాట వచ్చింది. ఓబులమ్మ ముందుకు వంగి కూడబలుక్కుని చదివింది. తెరుచుకోలేదు. ఆమె ముఖం ఒక్కసారి వెలిగింది.

"ఇంగోసారి చూడు సార్," అంది.

ఆయన నా వైపు చూశారు. ఆనాడు నాతో వాదించినప్పుడు ఆయన చెప్పింది ఇదే కదా, తోస్తే తెరుచుకుంటుందేమో అనిపిస్తుందని. ఇంకోసారి కొట్టారు. ఇంకొకటి చెప్పింది, అదీ కొట్టారు. పెళ్లిలో పెట్టిన ముద్దుపేరు చెప్పింది. అలిగినప్పుడు వాడు పిలిచే పేరు చెప్పి సిగ్గుపడింది. ఇది వృథా అని ఆయనకు తెలుసు, నాకు తెలుసు. చాలమ్మా అని ఆయన అనలేకపోయారు. ఎన్నడూ తీపి కలపని మనిషి, పొద్దు వాలేదాకా అక్కడ కూర్చుని, ఆమె ఏది చెబితే అది కొడుతూనే ఉన్నారు. చివరికి ఆమెకు చెప్పడానికి పేర్లు అయిపోయాయి. లేచి దీపం పెట్టుకోవడానికి లోపలికి పోయింది. మేము బయలుదేరుతుంటే గడప దగ్గరికి వచ్చి, మీకు ఎప్పుడు మనసైతే అప్పుడు రండి సార్, నేను ఇది ఎవరికీ ఇయ్యను అంది. మనసైతే! అంటే ఆమె నమ్మలేదు. మాట మార్చినా, ప్రోగ్రాము మార్చినా, పొద్దంతా కూర్చున్నా, ఆమె లెక్కలో ఈయన తెరవగలడు, తెరవడు, అంతే.

ఆ దారిలో సారు ఒక్కటే మాట్లాడారు. రాయబారి విన్నది విన్నట్టు చెప్పినా, వినేవాళ్లు తమకు తెలిసిన లోకంలోంచే వింటారు వాణమ్మా, ఆ సంగతి మా నాయనకు తెలిసి ఉంటుంది అన్నారు. ఆటోలో రొదకు సరిగా వినబడలేదు. మళ్లీ చెప్పమని అడగలేదు నేను.

ఇక ఆయన పాత మనిషి కాలేదు. క్లాసుల్లో కోపం తగ్గింది. మాకు ఆ కోపమే కావాలనిపించేది. పక్క వీధిలో కొత్త సెంటర్లు వచ్చాయి, ఏసీ గదులతో. ఒక ఏడాది రెండు గదుల్లో ఒకటి వదిలేశారు, తర్వాత రెండోదీ వదిలేసి జమ్మలమడుగు వెళ్లిపోయారు. బైండింగ్ పని నాకు అప్పజెప్పారు. నేను పోయి ఏదైనా అడిగితే చెప్పేవారు గాని ఆయనగా కీబోర్డు ముట్టడం చూడలేదు. ఓబులమ్మ ఊరి నుంచి ఎవరైనా వస్తే మాత్రం పాప ఎట్లుందని అడిగేవారు. ఆ పాప బడికి పోతోందని, లెక్కలు బాగా చేస్తోందని తెలిసిన రోజు సుగుణమ్మగారిని పిలిచి మరీ చెప్పారంట. నేను ఆయన్ను తిట్టవలసింది. మీరు చేసిన తప్పు ఒక మాట, మిగిలిందంతా ఈ నేల చేసింది అని గట్టిగా చెప్పవలసింది. పెద్దాయనతో అలా మాట్లాడడమెలా అని ఊరుకున్నాను. ఇప్పుడు చెప్పాలన్నా వినే మనిషి లేడు.

పోయినేడు ఆయన చనిపోయారు. మిషన్ సమాధుల తోటలో పొద్దున్నే పాతిపెట్టడం. రెండు పార్టీల ఊళ్ల నుంచీ పాత విద్యార్థులు వచ్చారు, తలలు నెరిసినవాళ్లు కూడా, పక్కపక్కనే నిలబడ్డారు. సారు చూసి ఉంటే ఎంత బాగుండేదో. పాట అయిపోయాక, మట్టి వేస్తున్నప్పుడు, గేటు దగ్గర ఒక ఆడమనిషి కుళ్లికుళ్లి ఏడవడం కనబడింది. పక్కన ఎదిగిన కూతురు ఆమెను పట్టుకుని ఉంది. ఓబులమ్మ. అంత దూరం నుంచి వచ్చింది, అంతగా ఏడుస్తోంది. సుగుణమ్మగారు నా చెయ్యి పట్టుకుని, చూడమ్మా, ఆ బిడ్డ మనసులో ఏమీ పెట్టుకోలేదు అన్నారు. నాకూ గుండె తేలికైంది. ఇన్నేళ్లకు నమ్మింది అనుకున్నాను.

జనం పలచబడ్డాక ఆమె నా దగ్గరికి వచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుని, కూతురికి వినబడకుండా కొంచెం పక్కకు లాగింది.

"అక్కా, సారు పోయేముందు ఆ మారుచెవి నీకన్నా చెప్పినాడా?"

ఆమె ఏడుస్తున్నది ఎందుకో అప్పుడు తెలిసింది. ఈ ఇరవై ఏళ్లూ ఆ గొంతు ఆమెకు పోలేదు. జమ్మలమడుగులో ఒక పెద్దాయన దగ్గర భద్రంగా ఉంది, ఏనాటికైనా ఆయన మనసు కరుగుతుంది. ఈ పొద్దు దాన్ని మట్టిలో పెడుతున్నారు. నేను మాటలతో బతికే మనిషిని. తెర మీద ఒక్క వాక్యం రాయాలన్నా ఎవరు, ఏమిటి, ఎందుకు అని అన్నీ ఉండేలా రాస్తాను, రాసింది నలుగురి చేత చదివించి అడుగుతాను. అసలు అలాంటి చెవే లేదు, ఎప్పుడూ లేదు, ఆయన నీతో అన్నది నిజం అని నిండుగా చెప్పాలి. నోరు తెరిచాను.

"లేదు," అన్నాను.

ఆమె నా భుజం తట్టింది, నన్నే ఓదారుస్తున్నట్టు.

"నీగ్గూడా చెప్పకుండానే పాయెనా," అంది.